డయాలసిస్ గది గోడకు గోదావరి బొమ్మ: నా అనుభవం

మా బావగారికి 2024 జూన్ నుంచి రాజమహేంద్రవరంలోని ఒక ఆస్పత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తున్నారు. ఒక్కో విడతకు నాలుగు గంటలు పడుతుంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మేస్టారుగా పనిచేసి రిటైరైన నాకు తీరిక ఉండడంతో, ఆయనను తీసుకువెళ్ళి తీసుకొచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. దసరా వెళ్ళిన తరువాత, అక్టోబరు మూడో వారంలో, అక్కడి డాక్టరుగారు నేను బొమ్మలు వేస్తానన్న సంగతి తెలిసి, మంచాలకు ఎదురుగా ఉన్న ఖాళీ గోడకు ప్రశాంతమైన ప్రకృతి దృశ్యం ఒకటి వేసి ఇవ్వగలరా అని అడిగారు. సామాను ఖర్చు ఆస్పత్రి భరిస్తుందన్నారు. నా శ్రమకు ఏమీ వద్దని చెప్పి ఒప్పుకున్నాను. ఆ బొమ్మ గోడకెక్కేసరికి ఏప్రిల్ వచ్చింది. ఇలాంటి పని మరెవరైనా తలకెత్తుకుంటే వారికి అక్కరకు వస్తుందని, జరిగినది జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు కుంచె ముట్టుకోలేదు. బావగారి మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆ గదినే చూస్తూ కూర్చున్నాను. అక్కడ కంటికి ఆనేది ముందుగా ఎరుపు. ఒంట్లోంచి యంత్రంలోకి, యంత్రంలోంచి ఒంట్లోకి పారే రక్తం పారదర్శకమైన గొట్టాల్లో నాలుగు గంటలూ కనబడుతూనే ఉంటుంది. గొట్టాలకు ఒకవైపు ఎర్ర క్లిప్పు, మరోవైపు నీలం క్లిప్పు ఉంటాయి. యంత్రం మీద ఇంకా ఎంతసేపు మిగిలి ఉందో చూపించే అంకెలు నిమిషానికొకటి చొప్పున తగ్గుతూ వస్తాయి, అందరి కళ్ళూ అటే పోతుంటాయి. ఎక్కడో ఒక యంత్రం కూత పెడుతుంది, నర్సు పరుగున వెళ్ళి ఏదో మీట నొక్కుతుంది, మిగిలినవాళ్ళు తమది కాదు కదా అని ఒకసారి తల తిప్పి చూసుకుంటారు. ఒకరోజు బావగారు పైకప్పు వైపు చూపించి, “ఏమోయ్, పైన పలకలెన్నున్నాయో చెప్పమంటావా? అడ్డంగా పద్నాలుగు, నిలువుగా తొమ్మిది. ఆ ఫ్యాను పక్కది సగం పలకే, దాన్ని లెక్కలో వెయ్యాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు” అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని, నాకు మనసులో కలుక్కుమంది.

ఆ మాటతో నా పనికి దారి దొరికింది. ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎదురుచూపులోనే కాలం గడుపుతున్నారు. వాళ్ళ ముందు పెట్టే బొమ్మలో ఏదో జరగబోతున్నట్టు ఉండకూడదు, లెక్కపెట్టడానికి వీలైనదేదీ ఉండకూడదు, ఎరుపు అసలే ఉండకూడదు. ప్రశాంతత అంటే నది, పడవ, పక్షులు అని మనం బడిపిల్లలకు చెబుతాం. నేనూ ముప్పై ఏళ్ళు చెప్పాను. కాని పడవ కదులుతూ ఉంటే చూసేవాడి మనసు అది ఒడ్డుకు చేరేదాకా దాని వెంటే పోతుంది. సగం లేచిన సూర్యుడు ఉంటే మిగిలిన సగం కోసం ఎదురుచూస్తుంది. ఏమి వేస్తే ప్రశాంతంగా ఉంటుందన్నది పక్కన పెట్టి, ఏమి వేయకపోతే ఉంటుందన్న వైపు నుంచి ఆలోచించడం అప్పుడు మొదలుపెట్టాను.

బొమ్మలో నీళ్ళు పెట్టవచ్చా అన్న అనుమానం కూడా వచ్చింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు రోజుకు ఇంత అని కొలిచి నీళ్ళు తాగాలి. దాహం వాళ్ళకు రోజూ ఉండే బాధ. గోడ నిండా నది వేసి వాళ్ళ దాహాన్ని రేపుతానేమోనని భయపడి, సీతానగరం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనను అడిగాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, “తాగడానికి కొలత పెట్టారు సరే బాబూ, గోదారిని చూడ్డానికి కూడా కొలతేనా?” అన్నారు. తరువాత మరికొందరిని అడిగినా అందరూ గోదావరే కావాలన్నారు. ఒకావిడ మాత్రం వరద గోదావరి వద్దని, తేట గోదావరి వేయమని చెప్పారు. ఆవిడ ఇల్లు నది మధ్య లంకలో ఉండేదట, వరద ఎర్రనీరు చూస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుందట.

ఏ చోటును వేయాలన్నది తేల్చుకోవడానికి నవంబరు సగం గడిచింది. తెలిసినవాళ్ళందరూ పాపికొండలే అన్నారు. పాపికొండల అందం నాకూ ప్రాణమే. అయితే అక్కడ రెండు వైపుల నుంచీ కొండలు ఒరుసుకుంటూ దిగి నదిని ఇరుకు చేస్తాయి, నది వాటి మధ్య మలుపు తిరిగి మాయమవుతుంది. ఆ మలుపు అవతల ఏముందో అన్న కుతూహలంలోనే ఆ దృశ్యం బలమంతా ఉంది. నాకు కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఊళ్ళో రేవుల నుంచి కనబడే సూర్యాస్తమయంలో వంతెనలు అడ్డొస్తాయి. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన మీద నాకు ఎంత మమకారం ఉన్నా, దానికి 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు, ఉన్నాయి. బావగారు వాటిని మొదటిరోజే లెక్కపెట్టేస్తారు.

నవంబరు 15న కార్తిక పౌర్ణమి. రేవులన్నీ దీపాలతో, జనంతో నిండిపోయాయి. ఆ సందడి తగ్గాక, గోదావరి మీది నాలుగో వంతెన కూడా కంటపడకుండా, ఊరి పక్కనున్న కాతేరు దాటి ఎగువకు వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ గోదావరి మధ్యలో లంకలున్నాయి, అవతల తాళ్ళపూడి వైపు గట్టు సన్నటి గీతలా సాగిపోతుంది. రాజమహేంద్రవరం నదికి తూర్పు ఒడ్డున ఉండడం వల్ల, తెల్లవారుజామున నదిని చూస్తూ నిలబడితే సూర్యుడు మన వీపు వెనక లేస్తాడు. అందుకే పొద్దు పొడుపు చూడాలనుకునేవాళ్ళు కొవ్వూరు వైపు వెళతారు, ఇటువైపు ఎవరూ రారు. అదే నాకు కలిసొచ్చింది.

సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు ఆ పడమటి ఆకాశంలో కనబడేదాన్ని ఇన్నేళ్ళూ అక్కడే పుట్టి పెరిగి కూడా నిలకడగా చూసి ఉండలేదు. నేలకు ఆనుకుని నీలిబూడిద రంగులో ఒక పట్టీ ఉంటుంది. అది మబ్బు కాదు, మంచు కాదు, గాలిలో పడిన భూమి నీడ. దాని మీద లేత గులాబి పట్టీ, ఆపైన పాలిపోయిన నీలం. పట్టీకీ పట్టీకీ మధ్య గీత గీసినట్టుండే అంచు ఎక్కడా లేదు. వెనక సూర్యుడు పైకి వచ్చేకొద్దీ ఈ నీడ కిందికి దిగి, గట్టు మీది చెట్లలో కలిసిపోతుంది. గాలి లేని రోజున ఇదంతా నీటిలో తలకిందులుగా పడుతుంది: అవతలి గట్టు కింద నీలిబూడిద, దానికి ఇవతల గులాబి, మన కాళ్ళ దగ్గరకొచ్చేసరికి నీలం. ఆకాశంలోనూ నీటిలోనూ అవే మూడు రంగులు, మధ్యలో గట్టు. ఇంతకంటే పొందికైన కూర్పును నేను కూర్చుని అల్లలేను. మొదటిసారి అది చూసిన ఉదయం బొమ్మ గీయకుండా, చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని, అది పూర్తిగా పోయేదాకా నిలబడి చూశాను. బావగారు ఇంటి దగ్గర ఇంకా నిద్రలేవలేదు, ఆ రోజు ఆయనకు డయాలసిస్ లేదు. చాలా నెలల తరువాత నా మనసు ఆయన గురించి ఆందోళన పడకుండా ఉన్నది ఆ కాసేపే.

చిక్కేమిటంటే ఆ రంగులు పది పన్నెండు నిమిషాలకంటే నిలవవు. ఆ వ్యవధిలో నీటిరంగులతో పోస్టుకార్డంత నమూనా బొమ్మ ఒకటి పూర్తవుతుంది, అంతే. ఇంగ్లండు చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల బొమ్మలు వేసినప్పుడు వాటి వెనక తేదీ, వేళ, గాలి వాటం రాసుకునేవాడు. నేనూ అదే పద్ధతి పట్టాను. దాని ప్రయోజనం జనవరిలో తెలిసింది, ఎందుకంటే గదిలో కూర్చుని పెద్ద బొమ్మ వేసేటప్పుడు జ్ఞాపకం ఎప్పుడూ రంగును పెంచే చూపిస్తుంది. కాగితం వెనక “గులాబి అనుకున్నంత లేదు, బూడిదే ఎక్కువ” అని రాసి ఉంటే చేయి అదుపులో ఉంటుంది. నవంబరు చివర ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన రోజుల్లో మాకూ మబ్బు పట్టి వారానికి పైగా పని ఆగింది. ఫోనులో ఫొటోలు తీశాను గాని అవి పనికిరాలేదు. కెమెరా గులాబిని నారింజకు దగ్గర చేసింది, గట్టును నల్లగా చేసింది. కొలతలకు మాత్రం వాడుకున్నాను.

డిసెంబరు మొదటి పక్షమంతా కూర్పు మీదే గడిచింది. గోడ కొలిచి, అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు అని నిర్ణయించాను. ఎత్తుకు రెట్టింపు వెడల్పు ఉన్న చట్రంలో కన్ను అడ్డంగా పోతుంది, పైకీ కిందికీ వెతకదు. అడ్డగీతలే విశ్రాంతినిస్తాయన్నది బొమ్మలు వేసేవాళ్ళందరికీ తెలిసిన విషయమే. తెలియనిది నీటికీ ఆకాశానికీ మధ్య రేఖను ఎక్కడ పెట్టాలన్నది. పుస్తకాల్లో మూడింట ఒక వంతు అంటారు. రేఖను కిందికి దించి ఆకాశాన్ని పెద్దది చేస్తే విశాలంగా ఉంటుంది, నా మొదటి చిత్తుల్లో అదే బాగుందనిపించింది. అయితే వాటిని తీసుకెళ్ళి ఆ గదిలో గోడకు అంటించి, ఖాళీగా ఉన్న మంచం మీద పడుకుని చూశాను. పడుకున్న మనిషికి పైకప్పు ఎలాగూ సగం చూపును ఆక్రమిస్తుంది, దాని కింద మళ్ళీ అంత ఆకాశం వస్తే బొమ్మ గాలిలో తేలుతున్నట్టుంది. పైగా రక్తపోటు పడిపోయినప్పుడు నర్సులు తలవైపు దించి కాళ్ళవైపు ఎత్తుతారు, అప్పుడు బొమ్మ కింది అంచే ముందుగా కనబడుతుంది. మామూలుగా ప్రకృతి దృశ్యాల్లో లోతు తెప్పించడానికి కింది అంచున ముదురుగా ఒక గట్టో పొదో వేస్తాం. ఇక్కడ అది మీద పడేటట్టుంటుంది. కాబట్టి నీటికి ఎక్కువ పాలిచ్చి, రేఖను పై అంచుకు పన్నెండంగుళాల కిందికి తెచ్చి, దగ్గరి ఒడ్డును పూర్తిగా తీసేశాను. చూసేవాడికి కాళ్ళ కింద నేల లేదు, నీరే ఉంది. ఇది సాహసమే. అయినా మంచం మీద పడుకుని చూసినప్పుడు అదే సరిగ్గా అమరింది.

ఇంత నీటిని ఖాళీగా వదలడానికి ధైర్యం కావాలి. చైనాలో దక్షిణ సుంగ్ రాజవంశపు కాలం నాటి చిత్రకారుడు మా యువాన్‌ను ‘ఒక మూల మా’ అనేవారు, బొమ్మలోని బరువంతా ఒక మూలకు చేర్చి మిగిలినదంతా ఖాళీగా విడిచిపెట్టేవాడని. నేను కుడివైపు, కింది నుంచి మూడో వంతు ఎత్తులో ఇసుకతిన్నె కొస ఒకటి, దానికి ఆనించిన పడవ ఒకటి ఉంచి, ఎడమవైపంతా నీటికే వదిలాను. ఆ తరువాత రంగు జోలికి పోకుండా బొగ్గుతో వెలుగునీడలు మాత్రమే వేసి చూశాను. తెలుపు నుంచి నలుపు దాకా పది మెట్లు అనుకుంటే, బొమ్మ మొత్తం మూడో మెట్టుకూ ఆరో మెట్టుకూ మధ్యనే ఉండాలి, పడవ లోపలి నీడ ఒక్కటే ఏడు దాకా వెళ్ళవచ్చు అని నియమం పెట్టుకున్నాను. ఎక్కడ తెలుపూ నలుపూ ఒకదాని పక్కన ఒకటి పడతాయో అక్కడ కన్ను తట్టుకుని ఆగిపోతుంది. మెట్లు దగ్గరగా ఉంటే జారిపోతూ ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఊళ్ళోని దామెర్ల రామారావు చిత్రశాలకు మళ్ళీ వెళ్ళాను. 1897లో ఈ ఊళ్ళోనే పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, మశూచితో 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయిన ఆ మహానుభావుడి బొమ్మల ముందు నేను ఎప్పుడు నిలబడినా కళ్ళు చెమరుస్తాయి. ఈసారి మాత్రం నేర్చుకోవడానికి వెళ్ళాను. మా గదిలో మంచానికీ గోడకూ పన్నెండడుగుల దూరం ఉంది. చిత్రశాలలో అంత దూరం వెనక్కి నడిచి నిలబడి, దగ్గర కనబడిన ఏ వివరం అక్కడికి చేరుతోంది, ఏది ఇంకిపోతోంది అన్నది ఒక్కొక్క బొమ్మ దగ్గరా చూసుకున్నాను. చేరేది రూపాల అంచు, వెలుగునీడల తేడా మాత్రమే. దాంతో ఇసుక మీద వేద్దామనుకున్న గులకరాళ్ళ పని మానేశాను.

సామాను సంగతి. 60 అంగుళాలకు 30 అంగుళాల కాన్వాసును చట్రానికి బిగించి విజయవాడ నుంచి తెప్పించడానికి రవాణాతో కలిపి రూ.4,100 అయింది, పది రోజులు పట్టింది. నూనెరంగులకు రూ.4,650. ఇందులో సగానికి పైగా టైటానియం వైట్‌కే పోయింది, ఎందుకంటే ఇంత లేత బొమ్మలో తెలుపు కలవని చోటు లేదు. మిగిలినవి అల్ట్రామెరీన్ (నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), యెల్లో ఆకర్ (పసుపుమట్టి రంగు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురెరుపు) మాత్రమే. లిన్‌సీడ్ (అవిసె) నూనె, టర్పెంటైనుకు రూ.900. రంగులు తొందరగా ఆరే ఆక్రిలిక్ వాడితే ఈ కథంతా నెలలో ముగిసేది. కాని ఆకాశపు పట్టీలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోవాలంటే రంగు గంటల తరబడి తడిగా ఉండాలి, ఆ మెత్తదనం నూనెరంగులోనే నా చేతికి వస్తుంది.

డిసెంబరు 19న మొదటి పూత వేశాను. టర్పెంటైనుతో పలచన చేసిన రంగుతో కాన్వాసంతా లేత మట్టిరంగు పూసి, దాని మీద పట్టీల జాగాలు గుర్తుపెట్టాను. అది రెండు రోజుల్లో ఆరింది. రెండో పూత డిసెంబరు 23న. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిదలో తెలుపు దించి, ఆకాశాన్నీ నీటినీ మధ్యలో లేవకుండా ఒకే దఫాలో ముగించాను, ఉదయం ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. మధ్యలో లేస్తే అంచులు ఆరి గీత పడుతుందన్న భయంతో మా ఆవిడ అన్నం కలిపి తెచ్చిపెట్టింది. ఆ పూత తాకితే అంటకుండా ఆరడానికి పదకొండు రోజులు పట్టింది. ధనుర్మాసపు మంచు, గోదావరి పక్క తేమ, పైగా టైటానియం వైట్, అలిజరిన్ రెండూ నిదానంగా ఆరే రంగులు. ముందు పూతకంటే తరువాతి పూతలో నూనె పాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే పైపూత ముందే బిగుసుకుని కొన్నేళ్ళకు పగుళ్ళిస్తుంది. అందువల్ల తొందరపడే వీలే లేదు. ఆ నిరీక్షణ నాకు చాలా కష్టమైంది. రోజుకు పదిసార్లు వెళ్ళి మూల మీద చిటికెనవేలు ఆనించి చూసేవాణ్ణి. ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. బావగారికి ఆ నెలలో రెండుసార్లు మధ్యలోనే రక్తపోటు పడిపోయింది, ఆ దిగులంతా ఆరని రంగు మీదికి మళ్ళించుకున్నానని ఇప్పుడు అర్థమవుతోంది.

జనవరి 4న మూడో పూత మొదలుపెట్టేముందు చేసిన ఒక పని అందరికీ చెప్పదలచుకున్నాను. వాడబోయే మిశ్రమాలన్నీ చిన్న అట్టముక్కల మీద పూసి, ఆరాక డయాలసిస్ గదికి తీసుకెళ్ళి అక్కడి ఎల్‌ఈడీ దీపాల కింద చూశాను. మా ఇంటి ఉత్తరపు కిటికీ వెలుగులో నిండుగా ఉన్న గులాబి అక్కడ చచ్చిపోయి బూడిదైంది, నీలం మాత్రం కోసుకునేటట్టు చల్లగా తేలింది. గోడకు వేసిన లేతాకుపచ్చ దాన్ని ఇంకా చల్లబరుస్తోంది. ఆ గదిలో ఏసీ చలికి అందరూ దుప్పట్లు కప్పుకుని ఉంటారు, వాళ్ళ ముందు చల్లటి బొమ్మ పెట్టడం భావ్యం కాదు. కాబట్టి నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా, గులాబిలో కొద్దిగా ఆకర్ పెంచి, ఇంటి దగ్గర చూస్తే వెచ్చదనం ఒక పిసరు మించిందనిపించేటట్టు వేశాను. ఆ గదిలో అది సరిపోయింది.

సంక్రాంతి వెళ్ళాక పడవ పని. ఇక్కడ నా నియమాలన్నీ పరీక్షకు నిలిచాయి. పడవలో మనిషి ఉంటే అతడెవరు, ఎక్కడికి పోతున్నాడు అన్న కథ మొదలవుతుంది కాబట్టి మనిషి లేడు. పడవ ముక్కు ఇసుక మీద ఆని ఉంది, గుంజకు కట్టిన తాడు బిగుసుకుని లేదు, వదులుగా వేలాడి మధ్యలో నీటిని తాకుతోంది. తాడు వదులుగా ఉందంటే నీరు పడవను లాగడం లేదన్నమాట. ఆ వంపు గీయడానికి ఒక పూటంతా పట్టింది. కొంచెం ఎక్కువ వంగితే తెగిపోయినట్టుంది, కొంచెం తక్కువైతే ఈడ్చినట్టుంది. నీడల విషయంలో ప్రకృతి నియమాన్నే పాటించాను: ముదురు వస్తువు నీటిలో కాస్త లేతగా, లేత వస్తువు కాస్త ముదురుగా పడుతుంది. ఇసుకతిన్నె నీడకూ ఇసుకకూ మధ్య అంచును చాలాచోట్ల పొడికుంచెతో చెరిపేశాను.

ఇన్ని అడ్డగీతల మధ్య ఒక్క నిలువుగీత ఉంటే కూర్పు నిలబడుతుందని, పడవ పక్కన ఇసుకలో గుచ్చిన గెడ ఒకటి వేశాను. అది ఆరకముందే ఫొటో తీసి ఆస్పత్రిలో చూపిస్తే, ఒక స్టాఫ్ నర్సు వెంటనే, “సార్, ఇక్కడ సెలైన్ స్టాండు పెట్టారేంటి?” అంది. ఆమె వేళాకోళం చేయలేదు, నిజంగానే అలా కనబడింది. ఆ గదిలో ప్రతి మంచం పక్కనా ఒక నిలువు కడ్డీ ఉంటుంది మరి. నా మనసుకు కష్టమైనా, ఆ సాయంత్రమే గెడను తుడిచి పడవలో పడుకోబెట్టాను. దాని బదులు తిన్నె కొసన రెల్లు దుబ్బు ఒకటి నిలిపాను, పూలు విడివిడిగా కాకుండా తెల్లటి మసకలాగా, లెక్కకు అందకుండా.

ఆ అమ్మాయే కొంగలు పెట్టమని కూడా అడిగింది. ఆమె కోరిక కాదనడానికి మనసొప్పక, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ముక్క మీద రెండు కొంగలు వేసి, దాన్ని కాన్వాసు మీద ఆనించి చూశాను. బొమ్మను ముట్టుకోకుండానే ఏది ఎక్కడ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇది మంచి పద్ధతి, షీటును జరుపుతూ చూడవచ్చు. కొంగలను ఎక్కడ పెట్టినా ఆ తెలుపు చుట్టూ మిగిలిన బొమ్మంతా వెనక్కి పోయింది. చూసినవాళ్ళందరూ “రెండు కొంగలు” అన్నారు, నది అనలేదు. షీటు చూపించి విషయం వివరిస్తే ఆమె కూడా ఒప్పుకుంది.

జనవరి చివరికి చేయవలసినదంతా చేశాననిపించింది, కాని బొమ్మ నిద్రపోతోంది. ప్రశాంతంగా ఉండడానికీ ప్రాణం లేకుండా ఉండడానికీ మధ్య ఉన్న దూరం ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. అన్నీ మెత్తగా, అన్నీ ఒకే స్థాయిలో ఉంటే కన్ను రెండు నిమిషాల్లో విసిగి పక్కకు పోతుంది. నాలుగు రోజులు దాన్ని గోడవైపు తిప్పి ఉంచి, మళ్ళీ కాతేరు గట్టుకు వెళ్ళాను. అవతలి గట్టుకు కాస్త ఇవతల, నీటి మీద సన్నటి మెరుపుగీత ఒకటి కనబడింది. నది అంతా నిలిచి ఉన్నా అక్కడ మాత్రం చిరుగాలి తగిలి నీరు ముడతలు పడింది, ఆ ముడతలు గట్టు నీడకు బదులు పై ఆకాశపు వెలుగును పట్టుకుని తళుక్కుమంటున్నాయి. నా నవంబరు కాగితాల్లో రెండింటిలో ఆ గీత ఉంది, దాని విలువ నాకు అందలేదంతే. ఇంటికొచ్చి, జనవరి 30న, ఎడమ అంచు నుంచి దాదాపు సగం వెడల్పు దాకా, దారప్పోగంత మందంలో, రెండుచోట్ల తెగేటట్టు, దాదాపు శుద్ధమైన తెలుపుతో ఆ గీతను వేశాను. కుడివైపున్న పడవ బరువుకు ఎడమవైపు తూకం దొరికింది, బొమ్మ మేల్కొంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తరువాత దాన్ని ముట్టుకోలేదు.

ఆపైన అంతా నిరీక్షణే. రోగులున్న గదిలోకి రంగువాసన రాకూడదని, తాకితే అంటకూడదని, వారానికోసారి మందునీళ్ళతో తుడవడానికి వీలుండాలని ఆస్పత్రివారు షరతులు పెట్టారు. మొదటి రెండూ కాలమే తీర్చింది, ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ గాలి ఆడే గదిలో పెట్టి ఆరనిచ్చాను. మూడోదానికి నూనెరంగు తట్టుకోదు. అద్దం బిగిద్దామంటే దీపాల వెలుగు అందులో పడి బొమ్మ కనబడదు. మాట్లాడుకుని, బొమ్మను నేల నుంచి ఆరడుగుల ఎత్తున చేయి తగలకుండా పెట్టి, చట్రాన్నీ గోడనూ మాత్రమే తుడిచేటట్టు, బొమ్మ మీది దుమ్మును నెలకోసారి పొడి మెత్తటి కుంచెతో నేనే దులిపేటట్టు ఒప్పందం చేసుకున్నాం. టేకు చట్రానికి రూ.3,300, ఆటోలో నిలబెట్టి తీసుకెళ్ళడానికి రూ.500, గోడకు మేకులు, క్లిప్పులు, వడ్రంగి కూలీ కలిపి రూ.850 అయింది.

ఉగాది వెళ్ళిన తరువాతి ఆదివారం, ఏప్రిల్ 6న, యంత్రాలు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం బిగించాం. మరునాడు మొదటి విడతలో ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. సీతానగరం పెద్దాయన ఒక్కరే, “ఇది కాతేరు పైన కదూ” అని చోటు పోల్చుకున్నారు. బావగారు ఆ రోజు గంటన్నర నిద్రపోయారు. బొమ్మ వల్లనని నేను అనను, ఆ ముందురాత్రి ఆయనకు నిద్ర లేదు. కాని మెలకువగా ఉన్నంతసేపూ ఆయన చూపు ఎడమవైపు ఖాళీ నీటి మీదే ఉండడం నేను పక్క నుంచి గమనించాను. చివరి మంచం ఆవిడకు మాత్రం మధ్యలోని స్తంభం అడ్డొచ్చి పడవ కనబడలేదు. కాగితం మీద గది పటం గీసినప్పుడు ఆ మంచాన్ని ఎవరూ నాకు చెప్పలేదు, అది ఫిబ్రవరిలో కొత్తగా వేసినది. మరుసటి ఆదివారం వడ్రంగిని మళ్ళీ పిలిచి, మరో రూ.300 ఇచ్చి, బొమ్మను ఎడమకు ఒక అడుగు జరిపించాను. ఇప్పుడు అన్ని మంచాలకూ కనబడుతుంది.

మిగిలిన పని వార్నిష్ ఒక్కటే. నూనెరంగు లోపలిదాకా ఆరడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి కాబట్టి ఆగస్టు దాకా గడువు పెట్టుకున్నాను. దీపాల తళుకు పడకుండా మ్యాట్ వార్నిష్ కొని ఉంచాను, డబ్బా రూ.720. శనివారం రాత్రి చివరి విడత అయ్యాక బొమ్మను దింపి ఇంటికి తెచ్చి, పూత వేసి, వాసన పోయేదాకా రెండు వారాలు ఉంచుకోవడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. అన్నాళ్ళు గోడ ఖాళీగా ఉండకూడదని అక్కడివాళ్ళు అడిగారు కాబట్టి, ఆ రెండు వారాలకు నవంబరు నాటి నీటిరంగుల చిన్న కాగితాలను నాలుగు పటాలు కట్టించి సిద్ధం చేస్తున్నాను.